నీలి అక్షరాల పనితనం

తెలుగు వికీపీడియాలో లింకులు వేసేవాళ్ల పనితనాన్ని మెచ్చుకునేవాళ్లు తక్కువ. సరిగ్గా పడిన లింకు కంటికి ఆనదు మరి. కానీ విభక్తులు అతుక్కునే మన మాటలకు లింకు వేయడం అంత తేలిక కాదు. జంట చదరపు బ్రాకెట్లలో భద్రాచలం అని పెట్టి బయట ‘లో’ చేర్చితే, సాఫ్ట్‌వేరే దాన్ని కలుపుకుని మాట మొత్తాన్నీ నీలం చేస్తుంది. ‘భద్రాచలానికి’ అంటే మాత్రం మాట రూపమే మారుతుంది. అప్పుడు లోపల అసలు పేరు, నిలువు గీత, ఆపైన పాఠకుడికి కనిపించే రూపం విడిగా రాయాలి. చదివే కన్ను తడబడకూడదనే ఇంత ఓపిక. లింకు వేశాక ఊరి వివరాలే మారిపోవడమూ ఉంది: 2014లో భద్రాచలం రెవెన్యూ గ్రామం తెలంగాణలోనే ఉండిపోయి, ఆ మండలంలోని మిగతా ఊళ్లు ఆంధ్రప్రదేశ్‌లోకి వెళ్లాయి. ఇలాంటప్పుడు ఏ ఊరి పేజీకైనా శీర్షిక మార్చాల్సి వస్తే, పాత పేరు దగ్గర దారిమార్పు మిగులుతుంది. ఎప్పుడో వేసిన లింకు కూడా ఆ ఊరికే చేరుస్తుంది.

పేజీ లేని ఎర్ర లింకులు చూడ్డానికి బాగుండవంటారు కొందరు. నాకవే ఎక్కువ ఇష్టం. ఈ అడవి అంచు పల్లె గురించి ఇంకా ఎవరూ రాయలేదని దాచకుండా చెబుతాయి, నొక్కితే రాసే పెట్టె తెరుస్తాయి. ప్రతి లింకూ కొత్త ట్యాబులోనే తెరుచుకోవాలన్న వాదనా ఉంది. అలా చేస్తే కొన్ని బ్రౌజర్లలో వెనక్కి వెళ్లే బటను అక్కరకు రాదు. కావలసినవారు వేలితో నొక్కిపట్టి తామే తెరుచుకోవచ్చు. ఖాతా ఉన్నవారికి ‘అభిరుచులు’ పేజీ ఉండనే ఉంది: పేజీ ఏ రూపులో కనబడాలో అక్కడ ఎవరికి వారే ఎంచుకుంటారు.