పొద్దుగూకిందన్న మాటకు అర్థం

తెలుగు ఎం.ఏ. అయిన తర్వాత భాషాశాస్త్రం కూడా చదవాలన్న కోరికతో మరో రెండేళ్లు విద్యార్థిగానే వుండిపోయాను. అక్కడ నన్ను అన్నిటికన్నా ఎక్కువ ఆకర్షించిందీ, అన్నిటికన్నా ఎక్కువ చిరాకు పెట్టిందీ ఒకే శాఖ. దాని పేరు ప్రాగ్మాటిక్సు. మాటకు నిఘంటువు ఇచ్చే అర్థం ఒకటి. ఎవరు, ఎవరితో, ఎప్పుడు, ఎందుకు అన్నారన్న దాన్నిబట్టి వచ్చే అర్థం మరొకటి. ఈ రెండోదాన్ని పరిశీలించే శాఖకు 1938లో చార్లెస్ మారిస్ ఆ పేరు పెట్టాడు. ఇప్పుడు నేను కాలేజీలో పాఠం చెబుతూ, ఆసక్తి వున్న విద్యార్థులకు ఈ పుస్తకాలు ఇస్తున్నాను. ఇస్తున్నాను గనక, వాటిని ఎలా చదవాలో కూడా చెప్పవలసిన బాధ్యత నామీద వుంది.

ఒక సెమినారులో మా అధ్యాపకులు, డొంకతిరుగుడుగా అడిగే తీరుకు ఎవరి భాషలోంచి వాళ్లు ఉదాహరణ తెమ్మన్నారు. నేను మా అమ్మ మాట చెప్పాను. మా అమ్మ కూలికి వెళ్లేది. పనయ్యాక కామందు అరుగు ముందు నిలబడి, "అయ్యగారూ, పొద్దుగూకిందండి" అనేది. అంటే కూలి డబ్బులు ఇప్పించండని అర్థం. అధ్యాపకులు సంతోషించారు. మర్యాదను కాపాడుకుంటూ అడిగే తీరుకు ఇంతకన్నా చక్కని ఉదాహరణ వుండదన్నారు. మిత్రులు రాసుకున్నారు. నాకు మాత్రం ఏదో తప్పిపోయినట్టనిపించింది. అదేమిటో ఆనాడు చెప్పలేకపోయాను.

ఆ వాక్యాన్ని శాస్త్రం విడమరిచే పద్ధతి తేలికైనదే. 1967లో హార్వర్డులో ఉపన్యసిస్తూ గ్రైస్ అనే తత్వవేత్త, సంభాషణ అంటే సహకారమన్నాడు. ఆ భాగం 1975లో అచ్చయింది. మాట్లాడేవాడు చాలినంత చెబుతాడు, నిజం చెబుతాడు, సందర్భానికి తగింది చెబుతాడు, స్పష్టంగా చెబుతాడు అని వినేవాడు నమ్ముతాడు. పొద్దుగూకిన సంగతి కామందుకూ కనబడుతూనే వుంది. అయినా ఈమె ఎందుకు చెబుతున్నది? ఏదో కారణం వుండాలి. ఆ కారణం కూలి. ఈ విధంగా పైకి అనని అర్థాన్ని వినేవాడు ఊహించి పట్టుకుంటాడు. ఆ అర్థాన్ని తర్వాత కాదనటానికి కూడా వీలుంటుందని గ్రైస్ అన్నాడు. "నేను కూలి అడగలేదండి, పొద్దు సంగతి అన్నాను" అని మా అమ్మ తప్పించుకోవచ్చు.

తెలుగు ఎం.ఏ. చదివినవాళ్లకు ఇక్కడ ఒక సంగతి గుర్తురావాలి. సూర్యుడస్తమించాడన్న వాక్యం మన అలంకారశాస్త్రంలో వ్యంగ్యార్థానికి పేరుపొందిన ఉదాహరణ. పదకొండో శతాబ్దపు మమ్మటుడు కావ్యప్రకాశంలో దాని అర్థాలను వరసగా చెబుతాడు. ఒకరికి అది శత్రువుమీద పడవలసిన వేళ. అభిసారికకు బయలుదేరవలసిన వేళ. ఒకరికి సంధ్యావిధికీ, మరొకరికి ఆవులను ఇంటికి తోలటానికీ, ఇంకొకరికి అమ్మకపు సరుకు సర్దుకోటానికీ వేళ. పనివాళ్లకు పని ఆపే వేళ అని కూడా చెప్పాడు. వక్త ఎవరు, శ్రోత ఎవరు, దేశమేది, కాలమేది అన్నదాన్నిబట్టి అర్థం మారుతుందని గ్రహించటం సామాన్యమైన విషయం కాదు. ఐతే "మనవాళ్లు అంతా ముందే చెప్పేశారు" అని మురిసిపోయే పండితులతో నేను ఏకీభవించలేను. ఆ జాబితాలో పనివాళ్లు పని ఆపారు. కూలి అడగలేదు.

ఇక అలంకారికులూ, గ్రైసూ ఇద్దరూ వదిలేసిన చోటికి వద్దాం. మా అమ్మ ఆ మాట అన్నప్పుడు చాలాసార్లు కామందు ఏమనేవాడు? "ఆఁ, గూకింది" అనేవాడు. అని, పడక్కుర్చీలో అటు తిరిగేవాడు. వ్యంగ్యం అందని అసహృదయుడు కాడతను. గ్రైస్ చెప్పిన ఊహ చెయ్యలేని మందబుద్ధీ కాడు. అర్థమైంది గనకనే అటు తిరిగాడు. అర్థం కాలేదన్నట్టు వుండగల హక్కు అతనికుంది. మా అమ్మకు లేదు. అతను "దొడ్లో గడ్డి అలాగే పడివుంది" అంటే, అది గడ్డిని గురించిన వార్త అని ఆమె వూరుకోలేదు. వెళ్లి మోసేది.

నాకు సెమినారులో అందకుండా పోయిన విషయం ఇదీ. డొంకతిరుగుడు మాట ఇద్దరికీ ఆశ్రయమిస్తుంది. కాని ఇద్దరికీ ఒకే ఆశ్రయం కాదు. బలహీనుడికి అది, అడిగానన్న నేరం మీదపడకుండా కాపాడే చాటు. బలవంతుడికి, ఇవ్వనన్న అపకీర్తి రాకుండా కాపాడే చాటు. కూలి ఇవ్వనని కామందు ఏనాడూ అనలేదు. అనవలసిన అవసరమే అతనికి రాలేదు.

దీనికి జవాబు వున్నదని శాస్త్రజ్ఞులు అంటారు. 1978లో మర్యాద మీద పెద్ద వ్యాసం రాసిన బ్రౌన్, లెవిన్సన్‌లు ఎదుటివాడికి కలిగే ఇబ్బందిని మూడు అంశాల మొత్తంగా లెక్కగట్టారు: ఇద్దరి మధ్య దూరం, వినేవాడి అధికారం, అడిగేదాని బరువు. మొత్తం పెరిగినకొద్దీ మాట వంకర తిరుగుతుంది. వాళ్లు కులం ఎరగనివాళ్లు కారు. వాళ్లు పరిశీలించిన భాషల్లో కోయంబత్తూరు జిల్లాలోని ఒక గ్రామపు తమిళం కూడా వుంది. అధికారాన్ని సూత్రంలో చేర్చటం వాళ్ల ఘనతే. కాని అధికారం వాళ్ల లెక్కలోకి ముందే తయారైన అంకెగా వస్తుంది. అది ఎక్కడ తయారైందో, ఎప్పుడు తగ్గుతుందో ఆ లెక్క చెప్పదు.

మా వూరి ఊడ్పులు చెప్పేవి. ఊడ్పుల రోజుల్లో అందరి చేలకూ ఒక్కసారే మనుషులు కావాలి. నారు ముదిరిపోతుంది, కాలవ నీళ్లు ఆగవు. అప్పుడు కామందే మా గుమ్మం ముందుకొచ్చి, "ఏమమ్మా, రేపు మన చేలో ఊడ్పు, నీ జట్టుతో రావాలి మరి" అనేవాడు. తక్కిన రోజుల్లో "ఒసే" అన్న నోరే అది. మా అమ్మ జట్టు ఆడవాళ్లతో కలిసి, "ఇవాళ్టి కూలి చేతిలో పడితేనే రేపు దిగేదండి" అనేది. ఆ "అండి" పోలేదు, గమనించండి. కాని పొద్దు ప్రసక్తి పోయింది. కులం మారలేదు, దూరం మారలేదు, అడిగిన కూలీ అదే. మారింది ఎవరికి ఎవరి అవసరం ఎంత అన్నది. పదిమందీ ఒక్క మాటమీద నిలబడటం. వాక్యనిర్మాణం దానితోపాటే మారింది.

1929లోనే వొలోషినోవ్, మాట చెప్పేవాడిదీ వినేవాడిదీ కూడాననీ, వాళ్లిద్దరి సామాజిక సంబంధమే దాని రూపాన్ని తీర్చుతుందనీ వాదించాడు. ఈ వాదం తెలిసిన మనవాళ్లలోనే కొందరు, "ఆర్థిక సంబంధాలు మారితే మాటలు అవే మారతాయి, వాటికోసం ఇంత చదువెందుకు?" అంటున్నారు. ఇది కూడా పొరపాటే. మా అమ్మ వంకరగా అడగటం బానిస మనస్తత్వం కాదు. రేపటి పని పోకుండా ఇవాళ్టి కూలి రాబట్టుకొనే తెలివి. ఆ తెలివిని వినలేనివాడు, ఎవరూ ఏమీ అడగటంలేదు గనక అందరూ తృప్తిగా వున్నారని నివేదిక రాస్తాడు.

ఈ మధ్య ఒక సాయంత్రం నా క్లాసులో ఒక అమ్మాయి లేచి, "సార్, వానొచ్చేట్టుందండి" అన్నది. వాళ్ల వూరికి ఆఖరి బస్సు ఎన్నింటికో నాకు తెలుసు. "రానీ అమ్మా" అని పాఠం సాగించాను. క్లాసంతా నవ్వింది. ఆ అమ్మాయి కూర్చున్నది. ఇంటికి వచ్చాక గాని తెలియలేదు, నేను ఎవరి పడక్కుర్చీలో కూర్చున్నానో.

కాబట్టి ఈ శాస్త్రాన్ని చదవమనే నా విద్యార్థులకు చెబుతున్నాను. గ్రైసునూ చదవండి, మమ్మటుణ్ణీ చదవండి. తర్వాత రేషను దుకాణం దగ్గరా, ఆసుపత్రి వరసలోనూ, ఉపాధి పని చోటా నిలబడి వినండి. ఎవరు తిన్నగా అడిగారు, ఎవరు తిప్పి అడిగారు అని మాత్రమే రాసుకుంటే సగం పనే అవుతుంది. అర్థమైకూడా కానట్టు ఎవరు వుండగలిగారో, వాళ్లకా వీలు ఎక్కడినుంచి వచ్చిందో కూడా రాసుకోండి. నా క్లాసును కూడా వదలనక్కర్లేదు.