బొమ్మల మెట్లు, వాకిటి ముగ్గు: నిత్యజీవితమున రంగుల కళ

కళ యన్నంతనే మనకు గుర్తుకు వచ్చునవి దేవాలయ శిల్పములు, లేపాక్షి చిత్రములు, సభలలో విను కీర్తనలు. వానిని గౌరవించుట ధర్మమే. కాని వానిని చూచుటకు, వినుటకు ప్రయాణము చేయవలెను, తీరిక చేసికొనవలెను. ప్రయాణము లేకయే దినదినము మన కంటబడి మనస్సును తేటపఱచు కళ మఱియొకటి కలదు. అది పిల్లవాని చేతిలోని లక్కబొమ్మ. దసరా మెట్లమీది కొయ్యబొమ్మ. తెల్లవాఱుజామున వాకిట వేసిన ముగ్గు. వీనిని గూర్చి మన పెద్దలు విమర్శదృష్టితో వ్రాసినది తక్కువ. ఆటవస్తువులేకదా యను తేలికభావమే దానికి కారణము కావచ్చును. నేను శిల్పశాస్త్రము చదివినవాడను కాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి గుమాస్తాపనిలో జీవితము గడపినవాడను. అయినను జమ యేదో, ఖర్చేదో చూచుటకు అలవాటుపడిన కంటితో ఈ చిన్న కళలను పరీక్షింప యత్నించెదను.

మన కోలారు బంగారు గనుల సీమలో రంగునకు ప్రత్యేకమైన విలువ కలదు. 1880 లో జాన్ టేలరు కంపెనీ పనికి దిగినది మొదలు 2001 ఫిబ్రవరి 28 న గనులు మూతపడువఱకు, ఇచ్చటి భూగర్భమునుండి పైకి వచ్చినదంతయు బూడిదవన్నె రాయియే. అందలి పసిడి దూరదేశములకును, ఖజానాలకును పోయెను. సైనైడు దిబ్బలు మనకు మిగిలెను. మూడు కిలోమీటర్లకు మించిన లోతున, సూర్యుడు కనబడని చోట పనిచేసి పైకి వచ్చినవానికి కనబడునది మరల ఆ బూడిద దిబ్బయే. కూలి లైనులలో ఇండ్లన్నియు ఒకే కొలత, ఒకే వరుస. అట్టి వరుసలో ఈ ఇల్లు వేఱు, ఆ ఇల్లు వేఱు అని చాటినది కంపెనీవారు వ్రాసిన నంబరు కాదు. ఇల్లాలు వాకిట వేసిన ముగ్గు. తమిళ సోదరీమణులు దానిని కోలమందురు, కన్నడ సోదరీమణులు రంగోలి యందురు, మనము ముగ్గందుము. పేరేదైనను పిండి యొకటే, నేల యొకటే.

ముగ్గును కళగా పరిశీలించినచో అందు మూడు గుణములు కానవచ్చును. మొదటిది క్రమము. చుక్కలు లెక్కతప్పక పెట్టినగాని మెలిక కలియదు. పదునైదు చుక్కలు పెట్టవలసినచోట పదునాలుగు పెట్టినచో గీత వచ్చి గోడకు తగులును. రెండవది స్వేచ్ఛ. ఆ లెక్కలోనే ఒకరు తామరను, మఱియొకరు చిలుకను, వేఱొకరు సంక్రాంతి రథమును తీర్తురు. మూడవది నిరహంకారము. వేసినవారి పేరు దానిపై ఉండదు; మధ్యాహ్నమునకు కాళ్లక్రింద నలిగిపోవును; మఱునాడు మరల క్రొత్తగా పుట్టును. నిత్యము చెఱిగిపోవుదానిని నిత్యము శ్రద్ధతో చేయు మనుష్యునకు ఓర్పును గూర్చి వేఱే ఉపన్యాసము అక్కఱలేదు.

నేటి ముగ్గుల పోటీలయందు ఒక లోపము చెప్పక తప్పదు. రంగుపొడుల మోజు హెచ్చినకొలది గీత మఱుగుపడుచున్నది. ముందు సుద్దతో బొమ్మ గీచి, గుప్పిళ్లతో రంగు నింపి, పైన మెఱపుపొడి చల్లుచున్నారు. అది నేలమీద వేసిన గోడప్రకటన వలె నుండునుగాని ముగ్గు వలె నుండదు. రంగు గీతకు తోడుగా రావలెను, గీతను మింగరాదు. న్యాయనిర్ణేతలు వెడల్పును, రంగుల సంఖ్యను విడిచి, చేయి ఎత్తకుండ లాగిన మెలిక యెవరిదో చూచినచో పోటీలకు పరువు కలుగును.

ఇక బొమ్మల కొలువునకు వత్తము. కోస్తా జిల్లాలలో పెక్కిండ్ల సంక్రాంతికి బొమ్మలు పెట్టుదురు. మన ప్రాంతమున మైసూరు సంప్రదాయము ననుసరించి దసరాకు పెట్టుదుము. మైసూరు సీమలో పెండ్లికూతురునకు పుట్టింటివారిచ్చు రాజు రాణి జంటను పట్టద గొంబెలందురు. తిరుపతినుండి యాత్రికులు తెచ్చుకొను ఎఱ్ఱచందనపు జంటబొమ్మలు వానికి చుట్టములు. మన ఇండ్లలో పై మెట్టున ఈ జంట, దాని క్రింద దశావతారములు, ఆ క్రింద కొండపల్లి బొమ్మలు, చివర లక్కపిడతలు ఉండుట వాడుక. ఆ మెట్లు ఒక చిన్న లోకము: పైన దేవుడు, రాజు, నడుమ పురాణము, క్రింద మన వంటిల్లు. గనుల లైనులలో పిల్లలు అన్నిటికంటె అడుగున అగ్గిపెట్టెలతో షాఫ్టు మీది ఇనుప గోపురమును కట్టి, దారపు ఉండను చక్రముగా చేసి, చిన్న డబ్బాను గనిలోనికి దింపుచు ఎక్కించుచు ఆడుట నేను చూచితిని. తండ్రి బ్రతుకుతెరువు దశావతారముల సరసన బొమ్మయై నిలిచినది. నిత్యజీవితము కళకు ముడిసరకు అగుటకు ఇంతకంటె నిదర్శన మేమి కావలెను?

కొండపల్లి బొమ్మ తెల్లపొణికి కఱ్ఱతో చేయుదురు. అది మిక్కిలి తేలిక. అంగములు విడివిడిగా చెక్కి, చింతగింజల జిగురులో రంపపుపొట్టు కలిపిన ముద్దతో అదికి, సుద్దపూత వేసి, ఎండిన పిదప రంగులు దిద్దుదురు. అంబారీ ఏనుగు, దశావతారములు ప్రసిద్ధములు. నాకు వానికంటె తాటిచెట్టు నెక్కు గీతకాఱుడు, బుడబుక్కలవాడు, రోటిలో దంచు ఇల్లాలు ఎక్కువ ఇష్టులు. ఆ ముఖములలో కండ్లు రెండు చుక్కలు, మీసము ఒక గీత. అయినను మనిషి యెవడో తెలియుచున్నాడు. తక్కువ చెప్పి ఎక్కువ తోపించుట కవిత్వమున గుణమైనచో బొమ్మయందు ఏల కాదు? ఒక్క మాట మాత్రము అనవలెను. కొన్ని దుకాణములలోని బొమ్మలకు పూసిన రంగు అద్దమువలె నిగనిగలాడి ముఖకవళికలను కప్పివేయుచున్నది. మెఱుపు వేఱు, కళ వేఱు.

లక్కబొమ్మల కథ మన కోలారు తెలుగువారు విశేషముగా తెలిసికొనదగినది. అనకాపల్లి జిల్లాలో వరాహనది యొడ్డున ఏటికొప్పాక యను గ్రామము కలదు. అచ్చటివారు అంకుడు కఱ్ఱను తరిమెనపట్టి, తిరుగుచున్న కఱ్ఱకు రంగు కలిపిన లక్కకణికను అదిమిపట్టుదురు. రాపిడి వేడికి లక్క కరగి కఱ్ఱను అంటుకొనును. పిదప మొగలి ఆకుతో రుద్దగా నునుపు వచ్చును. కుంచె లేదు, పూత లేదు. రంగు పైన వేసినట్లుండక కఱ్ఱలోనే పుట్టినట్లుండును. ఇప్పుడు బెంగళూరు మైసూరుల నడుమనున్న చెన్నపట్నమునకు పోయి చూడుడు. అచ్చటి కన్నడ ముస్లిము, హిందూ పనివారు అదే లక్కతో, అదే మొగలి ఆకుతో, ఆలెమరమను కఱ్ఱతో బొమ్మలు చేయుచున్నారు. వృక్షశాస్త్రమున ఆ ఆలెమరమును మన అంకుడును ఒకే చెట్టు! భాష మాఱినది, పేరు మాఱినది, చెట్టు మాఱలేదు. రెండు భాషల నడుమ బ్రతుకు మనవంటివారికి ఈ సంగతి మిక్కిలి ధైర్యము నిచ్చునది.

తరిమెన గుండ్రని రూపమును మాత్రమే ఇచ్చును. ముక్కు, చెవి, వ్రేళ్లు అది చేయలేదు. ఆ పరిమితియే ఈ బొమ్మలకు హాస్యమును తెచ్చినది. తల ఒక గోళము, కడుపు ఒక గోళము, టోపి ఒక మూకుడు. అంతలో పోలీసువాడు సిద్ధము. వానిని చూచిన పిల్లవానికి భయము పోయి నవ్వు వచ్చును. రంగులు పట్టీలుగా మాత్రమే వచ్చును గనుక పసుపు ప్రక్క ఎఱుపు, ఎఱుపు ప్రక్క నలుపు తేటగా నిలుచును. ఏటికొప్పాకలో రసాయనపు రంగులకు బదులు పసుపు, నీలిమందు, జాఫ్రాగింజలు మొదలగువాని రంగులను మరల వాడుకలోనికి తెచ్చుటకు పాటుపడిన శ్రీ సి. వి. రాజుగారిని 2023 లో పద్మశ్రీతో ప్రభుత్వము గౌరవించినది. నోటబెట్టుకొను పసిబిడ్డకు హాని లేని రంగు వాడుట ఆరోగ్యముమాత్రమే కాదు, అందముకూడ. ఆ రంగులు కంటిని కొట్టక పిలుచును.

తోలుబొమ్మలను గూర్చియు రెండు మాటలు. ధర్మవరము సమీపమున నిమ్మలకుంటలో ఈ విద్య నేటికిని నిలిచియున్నది. మేకతోలును కాంతి చొచ్చునట్లు పలుచగా సిద్ధపఱచి, నగలకు బదులు రంధ్రములు చేసి, రంగులు వేయుదురు. తెరవెనుక దీపము పెట్టగానే ఆ రంధ్రములే రత్నములగును. లేని పదార్థమును వెలుగుతో చూపు ఈ యుక్తికి నేనెప్పుడును ఆశ్చర్యపడుదును. రామాయణ భారతముల నడుమ కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు వచ్చి నవ్వించుటయు సామాన్యము కాదు. గంభీరమైన కథ తెల్లవాఱువఱకు నిలుచుటకు ఆ నవ్వు ఊతకఱ్ఱ. ఇంకొక విశేషము: ఈ కళాకారుల కుటుంబములు ఇంట మాటలాడునది మరాఠీకి చెందిన యాస, ఆడునది తెలుగు కథ. నిమ్మలకుంటకు చెందిన శ్రీ దళవాయి చలపతిరావుగారికి 2020 లో పద్మశ్రీ వచ్చినది. ఇంటిభాష వేఱైనను కళను తరతరములు కాపాడినవారు వీరు. ఇంటిభాష తెలుగైయుండి, తెలుగు బొమ్మలను అటకమీద మఱచిన మనము వారినుండి నేర్వవలసినది లేదా?

చిన్నవస్తువులయందలి కళను గుర్తించుట మన పల్లెటూరి మోజని యెవరైన అందురేమో. అమెరికా దేశపు ప్రసిద్ధ శిల్పకర్తలు చార్లెస్ ఈమ్స్, రే ఈమ్స్ దంపతులు 1958 లో భారత ప్రభుత్వమునకు ఒక నివేదిక సమర్పించిరి. అందు వారు మిక్కిలి మెచ్చుకొన్న వస్తువు మన ఇంటి చెంబు. ఆ నివేదిక బాటవేయగా 1961 లో అహమ్మదాబాదున జాతీయ డిజైను సంస్థ ఏర్పడెను. ఆ దంపతులే 1969 లో బొంగరములమీద ఒక చిన్న చలనచిత్రము తీసిరి. నానాదేశముల బొంగరములు తిరిగి తిరిగి పడుటయే దాని కథ. మన పెద్దలును ఈ దృష్టి లేనివారు కారు. లేపాక్షిలో పదునాఱవ శతాబ్దపు చిత్రకారులు దేవతలను ఎంత శ్రద్ధతో వ్రాసిరో, స్త్రీల చీరల అంచులను అంత శ్రద్ధతో వ్రాసిరి. అచ్చటి లతామంటపపు స్తంభముల అలంకారములు నేటికిని చీరల అంచులలో తిరిగి పుట్టుచున్నవి. గుడిస్తంభమునుండి ఇంటి చీరకు దిగివచ్చిన కళ నీచమైనదా?

ప్లాస్టికు బొమ్మను నిందించుట సులభము. నేను దానిని దోషిగా నిలబెట్టను. చవుకగా దొరకి పేదబిడ్డకును ఆట నిచ్చినది. నా అభ్యంతర మొక్కటే. బ్యాటరీ వేసిన బొమ్మ తానే ఆడును, తానే పాడును. బిడ్డ ప్రేక్షకుడుగా కూర్చుండును. లక్కపిడత తానేమియు చేయదు. అందు అన్నమున్నదని బిడ్డయే ఊహింపవలెను. గుజ్జనగూళ్లు వండి, బొమ్మల పెండ్లి చేసి, వియ్యపురాలిని అలిగింపవలెను. ఊహకు చోటు విడుచుటయే ఉత్తమమైన ఆటబొమ్మకు లక్షణము. ఇక వెల మాటయందురా, చేతిపని బొమ్మ కొంచెము ప్రియమే. పింఛనుదారుని లెక్క చెప్పెదను: ఏటికి ఒక్క మంచిబొమ్మ కొనుడు. పదేండ్లకు పది బొమ్మలగును. ఒక మెట్టు నిండును. పది నెలలలో విఱిగి కుప్పతొట్టి చేరు వస్తువుల వెల కూడి చూచినచో ఏది దుబారాయో తేలిపోవును.

ఈ విషయమును ఇంత పొడవుగా చెప్పుటకు కారణము కలదు. గనులు మూతపడిన పిదప మన బిడ్డలలో పెక్కుమంది ప్రతిదినము రైలెక్కి బెంగళూరునకు పోయి పనిచేయుచున్నారు. మనుమలు బడిలో కన్నడమును, ఇంగ్లీషును చదువుచున్నారు. ఇంట తెలుగు మాటలాడుదురు గాని, ఈ సంచికను తెలుగు లిపిలో చదువగలవారు ఎందఱు? పుస్తకము మూసియున్న ఇంట భాష దేనిని పట్టుకొని నిలుచును? వస్తువును పట్టుకొని నిలుచును. బుడబుక్కలవాని బొమ్మ చేతిలో పెట్టినప్పుడే ‘బుడబుక్కలవాడు’ అను మాట బ్రతుకును. లక్కపిడత లేని ఇంట ఆ పదము నిఘంటువునకు పోవును. గీతకాఱుడు, అంబారీ, మొగలి, తరిమెన, మెలికముగ్గు: ఈ మాటలన్నియు రంగుల వెంట నడచి వచ్చునవి. అక్షరము రాని మనుమనికి బొమ్మల మెట్లే మొదటి వాచకము.

కావున మన సంఘమువారికి మూడు మనవులు చేయుచున్నాను. ఉగాది సభలో బహుమతులుగా ఇచ్చు ప్లాస్టికు జ్ఞాపికలకు బదులు ఒక్కొక్క ఏటికొప్పాక బొమ్మనో, చెన్నపట్నపు బొమ్మనో ఇచ్చుట మొదటిది. దసరా తొమ్మిదిదినములలో ఒక సాయంకాలము పిల్లలను ఇంటింటి కొలువునకు తీసికొనిపోయి, ఆ ఇంటి అమ్మమ్మచేతనో నాయనమ్మచేతనో ప్రతి బొమ్మకు తెలుగు పేరు చెప్పించుట రెండవది. ముగ్గుల పోటీలో రంగు లేని చుక్కల ముగ్గునకు ప్రత్యేకముగా ఒక బహుమతి నుంచుట మూడవది. వీనికి పెద్ద నిధులు అక్కఱలేదు. అటకమీదనున్న పెట్టెను క్రిందికి దింపి, బొమ్మల ధూళి తుడిచినచో పని సగమగును. తక్కిన సగము పిల్లలే చేయుదురు.