మాట లేని పిల్లకు జాగ్రత్త పాఠం

కొన్నేళ్లుగా మన గోదావరి జిల్లాల బడుల్లో పిల్లలకొక కొత్త పాఠం చెబుతున్నారు. దానికి తెలుగు పేరు ఇంకా పుట్టలేదు; 'గుడ్ టచ్, బ్యాడ్ టచ్' అనే అంటున్నారు. ఒక బొమ్మ చూపించి, ఫలానా చోట ఎవరైనా తాకితే 'వద్దు' అని అరవమనీ, అక్కడినుంచి పరుగెత్తమనీ, అమ్మకు చెప్పమనీ నేర్పుతారు. 2014లో చైల్డ్‌లైన్ సంస్థ తెచ్చిన 'కోమల్' అనే చిన్న చిత్రం ఈ బోధనకు మూలగ్రంథంలాంటిది. 2020 పోక్సో నియమాలు ఇటువంటి పాఠ్యసామగ్రి తయారుచేయడం ప్రభుత్వాల బాధ్యత అన్నాయి. పాఠం ఉండాలా వద్దా అనేది చర్చనీయాంశం కాదు, ఉండి తీరాలి. కాని కావ్యాన్ని పరీక్షించినట్టే పాఠాన్నీ పరీక్షించవచ్చు. ఇది ఎవరికి చెబుతున్నది? ఎవరి నోట ఏ మాట పెట్టింది? ఎవరిని తప్పించింది?

మన ప్రాంతానికి ఈ సమస్య నిన్నటిది కాదు. 1874లో కందుకూరి వీరేశలింగం ధవళేశ్వరంలో బాలికా పాఠశాల పెట్టాడు. 'వివేకవర్ధని' ప్రారంభించిందీ ఆ ఏడే. పసిపిల్లను ముసలివాడికి కట్టబెడితే ఆనాడు ఎవరూ అత్యాచారమనలేదు, వివాహమన్నారు. ఆయన 'బ్రాహ్మవివాహము' ప్రహసనం రాశాడు; జనం దాన్ని 'పెద్దయ్యగారి పెళ్లి' అని పిలుచుకున్నారు. ఇక్కడ గమనించవలసింది ఆ ప్రహసనం గురి. అది పిల్లకు జాగ్రత్తలు చెప్పదు. పెళ్లికొడుకును, ఆ పెళ్లి కుదిర్చిన పెద్దలను నలుగురిలో నవ్వులపాలు చేస్తుంది. నూటయాభై ఏళ్లనాటి సంస్కర్తకు తప్పు ఎవరిదో స్పష్టంగా తెలుసు. అదే మనిషి 1883లో స్త్రీలకోసం పత్రిక పెట్టినప్పుడు దాని పేరు 'సతీహితబోధిని' అయింది. ఆడది చదువరిగా వచ్చినా సతిగానే రావలసి వచ్చింది. వచ్చి హితబోధ వినవలసి వచ్చింది.

గురజాడ 1897లో 'కన్యాశుల్కం' తొలి కూర్పుకు రాసిన ఇంగ్లీషు పీఠికలో ఒక లెక్క ఉంది. విశాఖపట్నం జిల్లా బ్రాహ్మణ కుటుంబాల్లో మూడేళ్లలో నమోదైన కన్యాశుల్క వివాహాలు 1,034. వాటిలో పెళ్లికూతుళ్లు ఐదేళ్లవారు 99 మంది, నాలుగేళ్లవారు 44, మూడేళ్లవారు 36, రెండేళ్లవారు 6, ఏడాది పిల్లలు ముగ్గురు. ఇది ఆచారమా, హింసా అని చట్టం చాలాకాలం తర్జనభర్జన పడింది. 1891లో సమ్మతి వయస్సును పదినుంచి పన్నెండుకు జరిపింది. పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో సంభోగమూ అత్యాచారమేనని సుప్రీంకోర్టు చెప్పడానికి 2017 అక్టోబరు దాకా పట్టింది.

ఇంతటి ఘోరాన్ని ఇతివృత్తంగా తీసుకున్న నాటకంలో గిరీశానికి మాటలున్నాయి, మధురవాణికి ఉన్నాయి, అగ్నిహోత్రావధాన్లకు తిట్లున్నాయి. సుబ్బిని గురించి అందరూ మాట్లాడతారు. సుబ్బి ఏమన్నది? ఎవరినైనా అడిగి చూడండి, తడుముకుంటారు. ఆ పిల్లకు బదులు ఆడవేషం కట్టిన మగపిల్లవాడు పెళ్లిపీటలమీద కూర్చుంటాడు. ఉపాయం గొప్పదే. పిల్ల మాత్రం ఒడ్డున పడినా మూగగానే పడింది. గురజాడను తప్పుపట్టడానికి ఈ మాట అనడం లేదు. దోషి పెద్దవాడని ఎత్తిచూపిన గొప్ప సంప్రదాయం కూడా పిల్లకు నోరివ్వలేకపోయింది. ఇప్పటి పాఠం పిల్లకు నోరిస్తానని బయలుదేరి దోషిని వదిలేసింది. మరి నోరన్నా నిజంగా ఇచ్చిందా?

తెలుగు చెప్పుకుని బతికేవాళ్లకు ఇక్కడే ముల్లు గుచ్చుకుంటుంది. మన భాషలో ఒంటి భాగాలకు రెండు రకాల పేర్లే మిగిలాయి: ఒకటి సంస్కృతం, రెండవది బూతు. ఒకటి పిల్లకు నోరు తిరగదు, రెండవది పలికితే దెబ్బలు పడతాయి. అందుకే పాఠం చెప్పేవారు 'ప్రైవేట్ పార్ట్స్' అని గట్టెక్కుతారు. జరిగినదానికైనా మాట ఉన్నదా? 'మానభంగం' అంటాం. అంటే విరిగింది పిల్ల శరీరం కాదు, మానం. ఆ మానం ఇంటిది, కులానిది. 'చెరిచాడు' అంటాం, చెడినది ఎవరో ఆ క్రియలోనే తీర్పు ఉంది. పత్రికల 'అఘాయిత్యం' అన్నీ చెప్పి ఏమీ చెప్పని మాట. ఇక మగపిల్లవాడికి ఈ నిఘంటువులో చోటే లేదు. వాడికి మానభంగం జరగదు కదా! 2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలను విచారిస్తే 53.22 శాతం ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. అలా అన్నవారిలో సగానికి పైగా మగపిల్లలు. వేధింపు ఎక్కువగా కనిపించిన రాష్ట్రాల్లో ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. వేధించినవారిలో దాదాపు సగం మంది పిల్లలకు తెలిసినవారు, నమ్మినవారు.

ఆ 'తెలిసినవారు' మన ఇళ్లలో ఎవరు? పాఠం 'అంకుల్' అంటుంది. మన పిల్లకు అంకుల్ కాదు, మావయ్య ఉంటాడు, బావ ఉంటాడు. మేనరికాలు చేసుకునే సమాజం మనది. నాలుగేళ్ల పిల్లను పట్టుకుని 'మావయ్యను చేసుకుంటావుటే?' అని ఇల్లంతా నవ్వుతుంది. బావ జడ లాగితే 'వాడికి హక్కుందిలే' అంటారు. పిల్ల ముడుచుకుంటే 'సిగ్గు' అని మురుస్తారు. ఈ సరసాలన్నీ నేరాలని ఎవరూ అనరు. కాని 'వద్దు' అన్న మాటను పసితనంలోనే నవ్వి కొట్టివేయడం ఇక్కడే మొదలవుతుంది. ఇంటివాళ్లందరూ నవ్విన చోట ఆ బొమ్మపాఠం పనిచేస్తుందని ఆశించడం అమాయకత్వం.

'అమ్మకు చెప్పు' అన్నది పాఠంలో ఆఖరి వాక్యం. కోనసీమలోను, నరసాపురం, భీమవరం వైపు పల్లెల్లోను అమ్మ కువైట్‌లో ఉంటుంది, మస్కట్‌లో ఉంటుంది. పరాయి ఇంట్లో అంట్లు తోమి పంపిన డబ్బుతో ఇక్కడ పిల్ల అమ్మమ్మ దగ్గరో పిన్ని దగ్గరో పెరుగుతుంది. అమ్మ ఫోను చేసినప్పుడు ఆ ఫోను ఎవరి చేతిలో ఉంటుంది, పక్కన ఎవరు కూర్చుంటారు? ఎవరు తాకారో వారి ఇంట్లోనే అన్నం తింటున్న పిల్ల ఏ భాషలో చెబుతుంది? ఈ ప్రశ్న పాఠం రాసినవారికి తట్టలేదు. తట్టకపోవడానికి కారణం వారి దుర్బుద్ధి కాదు. నగరంలో తల్లీతండ్రీ ఇద్దరూ ఇంట ఉన్న మధ్యతరగతి పిల్ల వారి ఊహలో ఉన్న పిల్ల.

ప్రభుత్వం ఏమీ చేయలేదనడం అన్యాయం. 2020 ఫిబ్రవరి 8న రాష్ట్రంలో తొలి దిశ పోలీసు స్టేషను రాజమహేంద్రవరంలోనే ప్రారంభించారు. దానితోపాటు ఫోనులో వాడే యాప్ వచ్చింది. స్టేషను జరిగినదాని తరువాతి సంగతి. యాప్ ఫోను ఉన్నవాళ్ల సంగతి. 2019లో శాసనసభ ఆమోదించిన దిశ బిల్లు ఉరిశిక్ష గురించి చెప్పినప్పుడు చప్పట్లు మోగాయి. పోక్సో చట్టంలో 19వ సెక్షను ఉంది. నేరం జరిగిందని తెలిసిన ప్రతి మనిషీ దాన్ని పోలీసులకు తెలపాలని, 21వ సెక్షను ప్రకారం తెలపకపోవడమే నేరమని అది చెబుతుంది. దానికి చప్పట్లు లేవు. ఎందుకంటే అది పెద్దవాళ్లకు చెప్పిన పాఠం. పరువు పోతుందని రాజీ కుదిర్చే ఊరి పెద్ద, బడి పేరు చెడుతుందని టీసీ ఇచ్చి పంపేసే యాజమాన్యం, 'నువ్వేం చేశావు?' అని మొదట అడిగే మేనత్త ఆ పాఠానికి విద్యార్థులు. వీరిని కూర్చోబెట్టే తరగతి ఏదీ?

ఉపాధ్యాయుడిగా, పాఠశాలల తనిఖీ అధికారిగా పనిచేసిన చలం 'బిడ్డల శిక్షణ'లో విధేయతను భయంతో కొనే పెద్దల మీదే దాడిచేశాడు. 'పెద్దల మాట జవదాటకు' అని పొద్దున్న నేర్పి, మధ్యాహ్నం పెద్దవాడు దగ్గరికి పిలిస్తే 'వద్దు' అనమని నేర్పడంలో ఉన్న వైరుధ్యం ఆయనను చదివినవారికి వెంటనే కనబడుతుంది. ఓల్గా 'అయోని' కథలో, సుబ్బి నోట లేని మాట చివరికి వినబడింది. హింసకు గురైన పిల్లే తన కథ చెప్పుకుంటుంది. ఆ కథను ఏడో తరగతి పిల్లలకు చదివి వినిపించమని నేననను, అది వాళ్ల వయస్సుకు మించిన బరువు. ఉపాధ్యాయ శిక్షణ తరగతుల్లో, అంగన్‌వాడీ కార్యకర్తల సమావేశాల్లో, తల్లిదండ్రుల కమిటీల్లో దాన్ని బిగ్గరగా చదివించాలి. చదివాక ఎవరూ ఉపన్యాసం ఇవ్వకుండా, ఒంటి భాగాలకు పిల్లలు జంకకుండా పలకగల తెలుగు మాటలేవో అక్కడున్నవాళ్లచేతనే పలకపై రాయించాలి. మొదటి రోజున పలక ఖాళీగా ఉండిపోవచ్చు. రెండో రోజు కూడా కూర్చోవాలి.