బాణీ ఎవరిది?

ఉద్యమ పాట అనగానే మనకు గొంగడి, గజ్జెలు, గద్దర్ గుర్తొస్తారు. 1972లో మొదలైన జననాట్యమండలి పల్లె బాణీల్లో కొత్త మాటలు నింపింది. ఆ పాటల బలాన్ని నేను కాదనను, వాటిని వింటూ పెరిగినదాన్నే. కానీ ఆ బాణీల్లో ఎన్నో నాట్లు వేస్తూ, ఇసుర్రాయి తిప్పుతూ, బతుకమ్మ చుట్టూ తిరుగుతూ ఆడవాళ్ళు కట్టుకున్నవి. మాట రాసినవాళ్ళకు పేరు మిగిలింది. బాణీ ఇచ్చినవాళ్ళు 'జానపదం' అయిపోయారు.

బాణీ వచ్చింది కానీ, అందులోని బాధ అంతా వెంట రాలేదు. మా అమ్మమ్మ ఉయ్యాల పాటల నిండా అత్తింటి ఆరళ్ళు, పుట్టింటి బెంగ. ఉద్యమ పాటలో ఆమె ఎక్కువగా అమరుడి తల్లి. ఆడపిల్ల పుట్టుక మీద గద్దర్ పాడాడు, నిజమే. అయినా అలాంటివి ఎన్ని?

విమలక్క నడిపిన బహుజన బతుకమ్మలో ఆడవాళ్ళ ఆట వాళ్ళ గొంతుతోనే ఉద్యమంలోకి వచ్చింది. 2014లో బతుకమ్మ తెలంగాణ రాష్ట్ర పండుగైంది. వేదిక పెద్దదైంది. అమ్మమ్మ మాత్రం ఆ అత్తింటి పాటను ఇంకా వాకిట్లోనే, మగవాళ్ళు లేనప్పుడే పాడుతోంది. మన విమర్శ మొదలు కావలసింది ఆ వాకిట్లోంచే.