ఊపిరి చూసి పట్టే చేప

కడప, కర్నూలు జిల్లాలకు సముద్రం లేదు. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా పడే వానను చెరువుల్లో నిలుపుకోవడం ఇక్కడ తరతరాల విద్య. ఆ చెరువులు నిండుతాయి, ఎండుతాయి. ఆ రెండింటినీ తట్టుకుని బతికే చేప కొరమీను. అంగట్లో బొచ్చె, శీలావతి ఎన్ని ఉన్నా, చేప రుచి తెలిసినవాళ్లు దీని కోసమే అడుగుతారు.

దాని బలమంతా ఊపిరిలో ఉంది. మొప్పలు కాక, తల లోపల వాటి పైన నేరుగా గాలి పీల్చుకునే అర ఒకటి ఉంటుంది. నీళ్లలో తిరుగుతూనే మధ్యమధ్యలో పైకొచ్చి గుటుక్కున గాలి మింగి అడుక్కు పోతుంది. పైకి రానివ్వకుండా వలలో బిగిస్తే నీళ్లలోనే ఊపిరాడక చస్తుంది. చెరువు అడుగంటితే మెత్తటి ఒండ్రులోకి దూరి, ఒంటి జిగురుతో తడి కాపాడుకుంటూ వాన కోసం ఆగుతుంది.

పట్టేవాళ్ల పనితనం నడిచేది ఈ ఊపిరి మీదే. గట్టున నిలబడి బుడగ ఎక్కడ లేచింది, తుంగ ఎటు కదిలింది అని చూస్తారు. నీళ్లు నిండుగా ఉంటే గాలానికి బతికున్న చిన్న కప్పను గుచ్చి తామరాకుల మధ్య ఆడిస్తారు. కదిలే ఎర మీదికే కొరమీను దూకుతుంది.

నీళ్లు మోకాలి లోతుకు దిగాక ఊత బయటికొస్తుంది. వెదురు బద్దలతో అల్లి, పైనా కిందా తెరిచి ఉంచిన బుట్ట అది. కింది మూతి వెడల్పు, పై మూతి చెయ్యి పట్టేంత. నడుస్తూ దాన్ని బురదలోకి గుచ్చుతూ పోతారు. లోపల చేప చిక్కితే బద్దలకు కొట్టుకుంటుంది, ఆ అదురు అరచేతికి తెలుస్తుంది. అప్పుడు పై మూతిలోంచి చెయ్యి దించి తల వెనక బిగించి పట్టాలి. తోక పట్టుకుంటే జారిపోతుంది, నోట్లో వేలు పడితే పళ్లు దిగుతాయి. చిన్న చేపలు బద్దల సందుల్లోంచి తప్పించుకుంటాయి. చెరువునంతా ఒక్కసారి ఊడ్చేసే వలకూ, చేపకొక పోటు వేసే ఊతకూ ఉన్న తేడా అదే.

వానలకు కొరమీను జంట నాచును పక్కకు తోసి, గుండ్రటి చోటు చేసుకుని గుడ్లు పెడుతుంది. గుడ్లు నీటిపైన తేలతాయి. పిల్లలు ఎర్రగా గుంపుకట్టి తిరుగుతుంటే కింద పెద్ద చేపలు కాపలా కాస్తాయి. కాపలాలో ఉన్న చేప దగ్గరికొచ్చిన దేనిమీదికైనా దూకుతుంది కనుక దాన్ని పట్టడం చాలా తేలిక. పట్టేస్తే మాత్రం దిక్కులేని ఆ గుంపు మిగతా చేపల పాలవుతుంది. గాలం వేయడం వచ్చినవాడికి ఆ ఎర్ర గుంపును చూసి పక్కకు తప్పుకోవడం కూడా వచ్చి ఉండాలి.

ఇంతకీ ఈ చేపకు ఇల్లు కట్టింది మనుషులే. కడప జిల్లా పోరుమామిళ్ల చెరువును 1369లో విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించాడు. అక్కడి శాసనం రోజూ వెయ్యిమంది కూలీలు, రాళ్లు మోసే వంద బండ్లు రెండేళ్లు పనిచేసిన సంగతి చెబుతుంది. అంతటితో ఆగక, మంచి చెరువుకు కావాల్సిన పన్నెండు అంగాలను, తప్పించాల్సిన ఆరు దోషాలను వివరిస్తుంది. కట్ట ఊటగా కారడం, చవుడు నేల ఆ దోషాల్లోవే. ఆరున్నర శతాబ్దాల కిందటి ఇంజనీరింగ్ పాఠం అది. పైరు కోసం నిలిపిన ఆ నీళ్లే చేపకూ ఆసరా అయ్యాయి.

కొరమీనును తడి కుండలో బతికుండగానే సంతకు తెస్తారు. ఇంట్లో రాళ్ల ఉప్పు, బూడిద పట్టించి జిగురు వదిలేదాకా రుద్దుతారు. చింతపండు పులుసులో ముక్క చెదరదు, కండలో సన్న ముళ్లు ఉండవు. అందుకే రాగి సంగటిలో ఆ పులుసు పోసి చిన్నపిల్లలకు కూడా భయం లేకుండా పెట్టొచ్చు.

ఇప్పుడు పూడిక తీసేటప్పుడు చెరువు అడుగంతా ఒకే మట్టంగా చదును చేసి, అంచున ఉన్న తుంగను కూడా ఊడబెరుకుతున్నారు. నీరు ఎక్కువ నిలవాలన్న కోరిక న్యాయమైనదే. అయితే తూముకు దూరంగా ఒక లోతైన మడుగును వదిలి, ఒక వైపు తుంగను అలాగే ఉంచితే, వేసవిలో అక్కడ మిగిలిన జంటలే తొలకరికి చెరువును పిల్లలతో నింపుతాయి.