1973లో కళ్లు తెరిచిన పోలీసు

‘లైఫ్ ఆన్ మార్స్’ బీబీసీ వన్‌లో 2006 జనవరి 9న మొదలై 2007 ఏప్రిల్‌లో ముగిసిన పోలీసు సిరీస్. రెండు సీజన్లు, మొత్తం 16 భాగాలు. మాథ్యూ గ్రాహమ్, టోనీ జోర్డాన్, ఆష్లీ ఫారో కలిసి దీన్ని సృష్టించారు. మాంచెస్టర్ పోలీసు అధికారి శామ్ టైలర్‌ను (జాన్ సిమ్) 2006లో ఒక కారు గుద్దేస్తుంది. కళ్లు తెరిచేసరికి ఊరు అదే, సంవత్సరం మాత్రం 1973. ఆ మార్పు చూపించిన తీరు గొప్పది. ప్రమాదానికి ముందు కారులో ఐపాడ్ నుంచి డేవిడ్ బోవీ పాట వినిపిస్తుంటుంది, సిరీస్‌కు పేరిచ్చిన పాటే. స్పృహ వచ్చాక అదే పాట పాతకాలపు కారులో ఎయిట్-ట్రాక్ టేపు మీద సాగుతుంటుంది. ఒంటి మీద బట్టలు మారిపోయాయి, కాలర్లు వెడల్పయ్యాయి. టైమ్ మెషీన్ లేదు, శాస్త్రవేత్త లేడు, వివరణ అంతకన్నా లేదు.

కాలం మారడంతో అతని చేతిలోని పనిముట్లన్నీ పోతాయి. కథకు అసలు బలం ఇక్కడే ఉంది. డీఎన్ఏతో మనిషిని గుర్తించే పద్ధతిని అలెక్ జెఫ్రీస్ లెస్టర్‌లో కనుగొన్నది 1984లో. అనుమానితుణ్ని స్టేషన్‌లో ఎంతసేపు ఉంచవచ్చో, విచారణను ఎలా రికార్డు చేయాలో చెప్పే చట్టం ఇంగ్లండ్‌లో వచ్చిందీ ఆ ఏడాదే. 1973లో ఉన్నవి న్యాయమూర్తులు రూపొందించిన మార్గదర్శకాలు మాత్రమే. ఆ సందులో నిలబడి ఉంటాడు శామ్ పై అధికారి జీన్ హంట్ (ఫిలిప్ గ్లెనిస్టర్). ఇన్‌ఫార్మర్లు, పిడికిలి, తన మనసు చెప్పిన మాట, ఇవే అతనికి ఆధారాలు. నేరం చేశాడని గట్టిగా నమ్మితే చాలు, సాక్ష్యం తయారు చేయడానికి వెనుకాడడు.

హంట్‌ను ఉత్త దుర్మార్గుడిగా, శామ్‌ను ఉత్త ధర్మరాజుగా రాసి ఉంటే ఈ సిరీస్‌ను ఇప్పుడు తలుచుకునేవారు కాదు. రెండో భాగంలో ఒక దోపిడీ ముఠా నాయకుణ్ని హంట్ తప్పుడు సాక్ష్యంతో ఇరికించబోతే, అది చెల్లదని శామ్ పట్టుబట్టి విడిపిస్తాడు. అతను బయటికొచ్చాక జరిగిన దోపిడీలో ఏ పాపమూ ఎరగని ఒకామె తుపాకీ గుండుకు గురవుతుంది. నియమం పాటించినందుకు చెల్లించిన మూల్యం తెర మీద కనిపిస్తుంది. ఆ ఒక్క భాగంతో సరిపెడితే హంట్‌దే ఒప్పని తేలేది. అందుకే ఏడో భాగంలో లాకప్ డెత్ వస్తుంది. సొంత స్టేషన్ వాళ్లనే ప్రశ్నించాల్సిన పని శామ్ మీద పడుతుంది. చట్టంలో ఒక పొడి వాక్యంగా ఉండే నియమం ఎందుకు పుట్టిందో ఆ గంటలో అర్థమవుతుంది. పోలీసు కథలు రాసేవాళ్లు శ్రద్ధగా చూడవలసిన భాగం ఇది.

శామ్ నిజంగా వెనక్కి వెళ్లాడా, కోమాలో కల గంటున్నాడా, మతి తప్పిందా? ఈ అనుమానాన్ని రచయితలు ఒక కట్టుబాటుతో నిలబెట్టారు. దాదాపు ప్రతి సన్నివేశంలోనూ శామ్ ఉంటాడు. అతను చూడనిది ప్రేక్షకుడూ చూడడు. రేడియోలో, ఫోనులో ఆసుపత్రి డాక్టర్ల గొంతులు వినిపిస్తాయి. ప్రసారాలు లేని వేళ ఆ రోజుల్లో బీబీసీ చూపించిన టెస్ట్ కార్డు మీది పాప, రాత్రిళ్లు టీవీలోంచి బయటికొచ్చి అతనితో మాట్లాడుతుంది. బ్రిటన్ ప్రేక్షకులు చిన్నప్పటి నుంచీ ఎరిగిన బొమ్మ కాబట్టే అంత భయపెట్టింది. చివరి భాగంలో శామ్ వర్తమానానికి తిరిగొస్తాడు. చుట్టూ అంతా సవ్యంగానే ఉన్నా ఏదీ మనసుకు తాకదు. మేడ మీంచి దూకి 1973కే వెళ్లిపోతాడు.

ఈ సిరీస్ అంతర్జాతీయ ఎమ్మీని 2006లో, 2008లో గెలిచింది. హంట్‌ను 1981 లండన్‌కు తెచ్చిన ‘యాషెస్ టు యాషెస్’ 2008 నుంచి 2010 వరకు వచ్చింది. ఇతర దేశాలు దీన్ని తిరిగి తీసినప్పుడు తమ చరిత్రలోంచే ఏడాదిని ఎంచుకున్నాయి. స్పెయిన్ 1977కు, దక్షిణ కొరియా సియోల్ ఒలింపిక్స్ జరిగిన 1988కి వెళ్లాయి. అమెరికా మాత్రం 1973నే ఉంచుకుని, చివర్లో హీరో అంగారక యాత్రలో ఉన్న వ్యోమగామి అని తేల్చేసింది. అసలు సిరీస్ 16 భాగాల పాటు జాగ్రత్తగా మోసిన సందేహానికి అక్కడ చోటే లేకుండా పోయింది.