కొలతలుండాయి, పేర్లు లేవు: ధర్మపురి పురావస్తు పరిశోధనల మీద ఒక మాట

ధర్మపురి, క్రిష్ణగిరి తావుల పాతకాలం గురించి యూనివర్సిటీల్లో జరిగిన పరిశోధనలను కొన్నాళ్ళుగా వెతికి వెతికి చదువుతా ఉండాను. ఎంఫిల్, పిహెచ్‌డి గ్రంథాలు, వాటిలోంచి పుట్టిన వ్యాసాలు, పుస్తకాలు. మనది మాండలికం గురించిన బ్లాగు గదా, రాళ్ళూ కుండపెంకులూ మనకెందుకు అని కొందరు అడగొచ్చు. ఆ రాళ్ళ దగ్గర మన మాట ఒకటి పోతా ఉండాది. అందుకే ఇది రాస్తా ఉండాను.

ముందు మెచ్చుకోవాల్సింది మెచ్చుకోవాల. ఈ పనంతా కాళ్ళతో చేసిన పని. ఊరూరు తిరిగి, గుట్టలెక్కి, రాతిగూళ్ళు లెక్కబెట్టి, కొలతలు తీసి రాసినారు. తంజావూరు తమిళ విశ్వవిద్యాలయంలోనూ, తర్వాత పుదుచ్చేరిలోనూ పాఠం చెప్పిన కె. రాజన్ గారు కొంగునాడు మీద 1994లో పుస్తకం, 1997లో తమిళనాడు పురావస్తు స్థలాల గెజిటీర్ తెచ్చినారు. ఆయన 2003లో తవ్విన మయిలాడుంపారైని రాష్ట్ర పురావస్తు శాఖ మళ్ళీ తవ్వితే, అక్కడి ఇనుము క్రీ.పూ. 2172 నాటిదని 2022 మేలో ముఖ్యమంత్రి అసెంబ్లీలో ప్రకటించినారు. బర్గూరు పక్కనుండే గుట్ట దేశమంతా మాట్లాడుకునే తావైంది. దాని వెనక ఇన్నేండ్ల సర్వే ఉండాది.

చదివేవాళ్ళు ఒకటి గుర్తు పెట్టుకోవాల. 1965 అక్టోబర్ 2న సేలంనుంచి విడిపోయి ధర్మపురి జిల్లా ఏర్పడింది. 2004 ఫిబ్రవరి 9న అందులోంచి క్రిష్ణగిరి జిల్లా వేరైంది. కాబట్టి పాత గ్రంథాల్లో ‘ధర్మపురి జిల్లా’ అంటే హోసూరు, డెంకణికోట కూడా అందులోవే. అంటే తెలుగు, కన్నడం, తమిళం మూడూ ఒకే వీధిలో వినబడే పల్లెల గురించే ఆ గ్రంథాలు మాట్లాడతా ఉండాయి.

ఇక నా ఫిర్యాదు. నేను చూసిన వాటిలో ఎక్కువ భాగం ఒకే అచ్చులో పోసినట్టుంటాయి. నేల, వానలు, ఏర్లు ఒక అధ్యాయం. పాతరాతియుగం, కొత్తరాతియుగం, ఇనుపయుగం, చారిత్రక యుగం తలా ఒక అధ్యాయం. చివర పెద్ద పట్టిక: ఊరు, తాలూకా, అక్షాంశం, రేఖాంశం, సమాధి రకం, ఎన్ని ఉండాయి. రాతిపలక ఎన్ని సెంటీమీటర్ల మందమో కూడా దొరుకుతుంది. ఆ ఊరోళ్ళు ఆ తావును ఏమని పిలుస్తారో మాత్రం చాలాసార్లు దొరకదు. దొరికినా ‘స్థానికులు దీన్ని పాండవులతో ముడిపెడతారు’ అని ఒక్క వాక్యం. ఏ స్థానికులు? ఏ భాషలో? ఏ మాటతో?

ఇది చిన్న లోపం కాదు. ఈ రాతిగూళ్ళను తెలుగు నేలలో రాకాసిగుళ్ళు అంటారు, పాండవుల గుళ్ళు అంటారు. కన్నడం వాళ్ళు మోరియర మనె అంటారు. తమిళంలో వాలియర్ వీడు, పాండవర్ కుళి అంటారు. రాకాసి పెద్ద ఆకారం. మోరియరు మాత్రం కన్నడ కథల్లో మరుగుజ్జు మనుషులు. ఒకే రాతిగూడును చూసి ఒక భాషవాళ్ళు ‘ఇంత బండను ఎత్తినోడు ఎంత పెద్దోడో’ అనుకున్నారు, ఇంకొకరు ‘ఇంత చిన్న ఇంట్లో కాపురమున్నోడు ఎంత చిన్నోడో’ అనుకున్నారు. మూడు భాషలు కలిసే మన తావుల్లో ఏ ఊళ్ళో ఏ కథ గెలిచింది, ఎక్కడ కలిసిపోయింది అనేది రాసిపెట్టుంటే బంగారం లాంటి సమాచారం. ‘స్థానికులు’ అనే ఒక్క మాట కింద అదంతా కప్పడిపోయింది.

ఎందుకిట్లైంది? పరిశోధకుడు తమిళంలో అడుగుతాడు, ముసలాయన మర్యాదకు తమిళంలోనే జవాబిస్తాడు. ఇంట్లో పలికే పేరు బయటికి రాదు. వచ్చినా తమిళ లిపిలోకి ఎక్కుతుంది. అక్కడ క, గ లకు ఒకటే అక్షరం, ప, బ లకు ఒకటే, చ, స లకు ఒకటే. బండ ‘పండ’ అవుతుంది, గుండు ‘కుండు’ అవుతుంది. మళ్ళీ ఇంగ్లీషులోకి పోయేసరికి గుర్తుపట్టలేం.

రాతిగూళ్ళకు పేరుపడిన మల్లసంద్రమే చూడండి. ఇంగ్లీషు రాతల్లో అది ‘మల్లచంద్రం’ అయి కూర్చుంది. చదివినోడు చందమామను తలుచుకుంటాడు. కానీ బెంగళూరు నుంచి హోసూరు దాకా ఉండే దొడ్డసంద్ర, జక్కసంద్ర మాదిరే ఇక్కడా సంద్రం అంటే సముద్రం, అంటే పెద్ద చెరువు. చెరువు కట్టించి దానికి సముద్రమని పేరు పెట్టడం రాజుల కాలపు అలవాటు. అంటే ఊరిపేరు చెరువు కాలానిది, రాతిగూళ్ళు అంతకు చాలా ముందువి. ఊరు ఎప్పుడు స్థిరపడింది, గూళ్ళు ఎప్పటివి అనే రెండు పొరలు పేరులోనే విడివిడిగా కనబడతా ఉండాయి. పురావస్తు విద్యార్థికి ఇంతకన్నా ఏం కావాల?

నేల మాటలూ అంతే. మనకు గుట్ట వేరు, గుండు వేరు, బండ వేరు, దొన వేరు. బండ మీద ధాన్యం ఆరబోస్తాం. దొనలో ఎండాకాలం కూడా నీళ్ళుంటాయి. కొత్తరాతియుగం మనుషులు గొడ్డళ్ళు నూరిన గాడులు బండల మీదనే కనబడతాయి, నీళ్ళకు దగ్గర్లో. గ్రంథంలో ఇదంతా ‘రాతి గుట్ట’ అని ఒక్క మాటలో అయిపోతుంది.

ఇట్లా అడగడం పురావస్తు శాస్త్రానికి పరాయి పనేమీ కాదు. పూణే డెక్కన్ కాలేజీలో హెచ్.డి. సంకాలియా దగ్గర బి. సుబ్బారావు చేసిన బళ్ళారి రాతియుగాల పరిశోధన 1948లో అచ్చైంది. దక్షిణాదిలో ఇట్లాంటి జిల్లా పరిశోధనలకు అది దారి వేసింది. ఆ సంకాలియానే మరుసటేడు గుజరాత్ శాసనాల్లోని ఊరిపేర్ల మీద, మనుషుల పేర్ల మీద పుస్తకం తెచ్చినాడు. గురువు పేర్లనూ పట్టించుకున్నాడు. ఆ దారిలో వచ్చిన జిల్లా సర్వేలు కొలతలనే పట్టుకున్నాయి.

దోరియన్ ఫుల్లర్ 1999లో కేంబ్రిడ్జిలో ఇచ్చిన పిహెచ్‌డి ఇంకో దారి చూపించింది. దక్షిణాది కొత్తరాతియుగం ఊళ్ళలో మాడిపోయిన గింజల్ని ఏరి, ఉలవలు, పెసలు, అండుకొర్రలు అప్పటికే ఈడ తినేవాళ్ళని తేల్చినాడు. తర్వాత ద్రావిడ భాషల్లో పంటల పేర్లతో ఆ గింజల్ని పోల్చి చూసినాడు. మన ఇళ్ళలో ఉలవలు, పక్కింట్లో కొళ్ళు, ఆ పక్కన హురళి. ఒకే గింజకు మూడు వేరే పేర్లు. ఎందుకు అనే ప్రశ్నకు పనికొచ్చే సాక్ష్యం మన వంటింట్లో ఉండాది. భద్రిరాజు కృష్ణమూర్తి గారి మాండలిక వృత్తి పదకోశం వ్యవసాయ సంపుటం 1962లో వచ్చింది. అది ఆంధ్రప్రదేశ్ జిల్లాల సర్వే, మన తావులకు రాలేదు. భాషా పరిశోధన రాష్ట్రం సరిహద్దు దగ్గర ఆగిపోయింది, పురావస్తు పరిశోధన భాష సరిహద్దు దగ్గర ఆగిపోయింది. ఈ రెంటి నడుమ మనం పడిపోయినాం.

ఇప్పుడు మనవాళ్ళకూ ఒక మాట చెప్పాల. ఊరిపేరు చివర ‘పల్లి’ ఉంటే చాలు, అది మనదే, ఆ సమాధులూ మన పెద్దోళ్ళవే అని గొంతు పెంచే వాళ్ళు మనలో ఉండారు. అది నిలబడదు. పల్లి తమిళంలోనూ ఉంది, తిరుచిరాపల్లి లేదా? కన్నడంలో హళ్ళి అయింది. తగడూరును ఏలిన అదియమానుల పేరు చెప్పే జంబై తమిళ బ్రాహ్మీ శాసనం 1981లో బయటపడింది. అందులోని ‘పళి’ కూడా ఈ మాటకే చుట్టమంటారు, ఆడ దాని అర్థం మునుల నివాసం. అదే ధర్మపురిలో 9వ శతాబ్దపు నొళంబుల శాసనాలు కన్నడంలో ఉండాయి. ఆ నొళంబుల రాజధాని హేమావతి ఇప్పుడు ఆంధ్రలో ఉండాది. రాయి ఏ భాషా మాట్లాడదు. ఇనుము కరిగించినోడు ఇంట్లో ఏం మాట్లాడేవాడో కుండపెంకు చెప్పదు. ‘ఇది తమిళ ఇనుము’ అన్నా, ‘ఇది తెలుగు సమాధి’ అన్నా తప్పు ఒకటే.

మరి మన పేర్లకు విలువేంది? తర్వాత వచ్చినోళ్ళు ముందున్నోళ్ళ గుర్తుల్ని ఎట్ల చూసినారో అవి చెప్తాయి. రాతిగూడు చరిత్ర దాన్ని కట్టిన రోజుతో ముగిసిపోదు. దాన్ని చూసి భయపడినోళ్ళు, దీపం పెట్టినోళ్ళు, పలక పీకి గడపకు వేసుకున్నోళ్ళు అందరూ ఆ చరిత్రలో ఉండారు. వాళ్ళలో తెలుగు మాట్లాడేవాళ్ళు తరతరాలుగా ఉండారు.

కాబట్టి విద్యార్థులకు, వాళ్ళ గైడులకు నా విన్నపం ఒక్కటే. ఆ పట్టికలో ఇంకొక్క వరుస చేర్చండి: ఈ తావును ఎవరు, ఏ భాషలో, ఏమంటారు. చెప్పినవాళ్ళ వయసు రాయండి. శబ్దం చెడకుండా వాళ్ళ లిపిలోనే రాయండి. ఇంట్లో ఏమంటారని ఇంకోసారి అడగండి.

విద్యార్థి వచ్చేదాకా మనం కాచుకోనక్కరలేదు. 2006 చట్టం వచ్చినాక బడిలో తెలుగు తగ్గింది. పొలాల పేర్లు, బండల పేర్లు, దొనల పేర్లు తెలిసినోళ్ళు డెబ్బై దాటినోళ్ళే. పాడుపడిన పాత ఊరి దిబ్బను ఆంధ్రలో పాటిదిబ్బ అంటారు, ఆ మన్ను చేలకు తోలుకుంటారు. తమిళంలో నత్తమేడు. మీ ఊళ్ళో మీ అవ్వ ఏమంటుంది? అడిగి, ఊరిపేరుతో సహా కింద రాయండి. అచ్చులో లేని ఆ వరుసను మనమే మొదలుపెడదాం.